రుషికుల్య మొగ దగ్గర ఏడు పట్టీల బొంత: ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో తెలుగు జాలరి ఊరు ఒకటి ఉంది. అక్కడి ఆడవాళ్ళతో కలిసి చేసిన ఒక పెద్ద బొంత గురించి ఇక్కడ రాస్తున్నాను. పొడవు 21 అడుగులు, ఎత్తు 5 అడుగులు. ఏడు పట్టీలను పక్కపక్కన వేలాడదీస్తే ఒకే బట్టగా కనిపిస్తుంది. బొంత మీద ఉన్నవి రెండు విషయాలు: ఆ మొగకి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు, వాటికోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ నీళ్ళలో ఉండే వేట నిషేధం. రెండింటినీ ఒకే బట్ట మీదికి తేవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైంది. అన్నిటికంటే అవసరమైందీ అదే. సముద్రాన్ని కాపాడుకుందామని బట్ట పని చేసేవాళ్ళు చాలామంది జీవిని ముచ్చటగా కుట్టి అక్కడితో ఆపేస్తారు. ఆ జీవి కోసం ఎవరింట్లో పొయ్యి సన్నగిల్లిందో కూడా కుట్టకపోతే బట్ట సగమే మాట్లాడినట్టు అని నా నమ్మకం.

ఊరు, మనుషులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బరంపురం వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. సముద్రం ఒడ్డు పేటల్లో అయితే చాలా ఇళ్ళలో మాట తెలుగే. వాడబలిజలు, జాలార్లు ఎవరైనా సరే, ఒడియావాళ్ళు అందర్నీ కలిపి నోలియాలంటారు. పిల్లలు ఒడియా బడికి వెళ్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. రాయడం, చదవడం ఒడియాలో వస్తుంది. అమ్మమ్మలకి రెండు లిపులూ రావు. బట్ట మీద అక్షరాలు పెట్టాలా వద్దా అన్న చర్చ ఇందువల్లే వచ్చింది. చివరికి నెలల పేర్లు మాత్రం రెండు లిపుల్లోనూ గొలుసు కుట్టుతో వేశాం. మిగతాదంతా అక్షరం అక్కర్లేకుండా అర్థం కావాలని పెట్టుకున్నాం.

మాది బరంపురంలో పట్టు నేసే కుటుంబం. మగ్గం మీద పెరిగినా నా పని మాత్రం సూది, రంగు. పాత చీరల్ని పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టడం ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంది. బట్ట పని నేర్పడానికి నేను వెళ్ళనవసరం లేదని మొదటి రోజే తెలిసింది. వాళ్ళ చేతికి తెలియనిది పెద్ద బొమ్మని ముక్కలుగా విడగొట్టుకుని వేరువేరు చోట్ల కుట్టి మళ్ళీ కలపడం ఒక్కటే. అది నా వంతు.

కూలి గురించి ముందే మాట్లాడుకున్నాం. ఎండు చేపలు అమ్మితే ఆ పూట వచ్చేదానికి తగ్గకూడదని వాళ్ళన్నారు, అది న్యాయమే. బొంత ఎక్కడ వేలాడదీసినా పక్కన ‘కుట్టినవారు’ అని ఊరి ఆడవాళ్ళ పేర్లు ఉండాలనీ, బొంత అమ్మకానికి పెట్టకూడదనీ కాగితం మీద రాసుకున్నాం. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు సూది పట్టుకునే ముందు ఈ రెండూ తేల్చుకోవాలి.

పట్టీలు ఏడు ఎందుకు

ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా ఆ ఏడు నెలలూ వేట నిషేధం. ఏడు నెలలకి ఏడు పట్టీలు, ఒక్కోటి మూడడుగుల వెడల్పు. ఎడమ నుంచి కుడికి నవంబరు నుంచి మే. కింద ఇసుక, పైన నీళ్ళు. మొదట గీసిన డిజైన్‌లో నేను తాబేలు బతుకు క్రమం పెట్టాను. గుడ్డు, పిల్ల, పెద్ద తాబేలు, మళ్ళీ గుడ్డు. దాన్ని చూసి అక్కడి పెద్దావిడ ఒకరు, “ఇది తాబేలు కేలండరమ్మా, మా కేలండర్ ఏదీ?” అన్నారు. ఆ మాటతో లెక్క మారింది. నెలలు పెట్టుకుంటే తాబేలు, పడవ, ఇల్లు, గాలి అన్నీ ఒకే కాలంలోకి వస్తాయి.

నవంబరులో తాబేళ్ళు ఒడ్డుకి కొంత దూరంలో గుంపులు కడతాయి, జతకడతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరి తీసుకోవడానికి నీటిపైకి రావాలి. పెద్ద మరపడవలు (ట్రాలర్లు) లాక్కెళ్ళే ట్రాల్ వలలో ఇరుక్కుని రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూకుమ్మడిగా గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో నూరు, నూటిరవై గుడ్లు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. అంటే ఏప్రిల్, మే. ఈ తీరం శాస్త్రవేత్తల లెక్కల్లోకి వచ్చింది 1994లో, పరిశోధకుడు బివాష్ పాండవ్ ద్వారా. ఊళ్ళో ముసలమ్మలు తమ చిన్నప్పటి నుంచీ వీటిని చూస్తున్నారు. శ్రీకూర్మం వెళ్ళొచ్చిన ఇళ్ళలో తాబేలంటే స్వామి. వలలో చచ్చి పడిందంటే పసుపు కుంకుమ పెట్టి ఇసుకలో పాతిపెట్టేవాళ్ళమని ఒకావిడ చెప్పారు.

రంగు

గంజాం సముద్రం పోస్టర్లలో ఉండే నీలం కాదు. మొగ దగ్గర మట్టి రంగు, కొంచెం లోపలికి వెళ్తే బూడిద కలిసిన ఆకుపచ్చ, ఇంకా లోపల నీలం. అందుకని ఉత్త నీలిమందు పైనుంచి మూడో వంతు వరకే వాడాం. మధ్యలో నీలిమందు మీద దానిమ్మ తొక్క రంగు. మొగ దగ్గర కరక్కాయ ఒక్కటే. దానిమ్మ తొక్కలు బరంపురంలో జ్యూస్ షాపుల దగ్గర ఉచితంగానే దొరుకుతాయి, ఎండబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపోతాయి.

తాబేలు పెంకు రంగు మాత్రం నన్ను చాలా రోజులు తిప్పింది. ఆకుపచ్చా కాదు, గోధుమా కాదు. దానిమ్మ తొక్క రంగు పట్టిన బట్టని ఇనుప నీళ్ళలో ముంచితే సరిగ్గా ఆ వన్నె వచ్చింది. పాత పడవల నుంచి ఊడదీసిన తుప్పు మేకుల్ని బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే ఇనుప నీళ్ళు తయారు. కలంకారీ నలుపుకి వాడే పద్ధతే ఇది. జాగ్రత్త ఒక్కటుంది. ఇనుము ఎక్కువైతే కొన్నేళ్ళకి నూలు పెళుసెక్కి పట్టుకుంటే చినుగుతుంది. అందుకని ఒక్క ముంపే, అదీ పలచగా, తర్వాత బాగా జాడించడం. వన్నె చాలకపోతే ఇనుము పెంచకుండా దానిమ్మ తొక్క రంగునే ముందు చిక్కగా పట్టించాం.

అడుగు బట్టకి పాత నూలు చీరలే. పాలియెస్టర్ చీరలు చాలా ఇచ్చారు, వాటికి పువ్వులు కూడా బాగున్నాయి. కానీ ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పీచు నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు ఎక్కడికి చేరతాయో వేరే చెప్పక్కర్లేదు. సముద్రం కోసం చేసే బట్ట సముద్రానికి హాని చేయకూడదు. ఈ నియమాన్ని నేను కచ్చితంగా పాటించాను. తళుకులు, ప్లాస్టిక్ పూసలు, ఫెవికాల్ లాంటి జిగుర్లు కూడా వద్దన్నాం. గవ్వలు కుట్టాలని ఆడపిల్లలకి సరదా. అదీ ఆపాను. ఖాళీ గవ్వలు సన్యాసి పీతలకి ఇళ్ళు, పైగా కొన్ని రకాల శంఖాలకి చట్టం రక్షణ ఉంది.

పెంకు కుట్టిన విధానం

ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి. ఎందుకంటే బట్ట మీద సముద్రపు తాబేలు కుట్టే ప్రతివాళ్ళూ ఒకటే నమూనా వాడతారు. నడుమ అయిదు పలకలు, అటు నాలుగు, ఇటు నాలుగు, కాగితం మడిచి కత్తిరించినట్టు రెండు వైపులా ఒకటే. అది పచ్చ తాబేలుకి సరిపోతుంది. ఆలివ్ రిడ్లీకి పక్క పలకలు ఎక్కువ. ఒక్కో వైపు ఆరు, ఏడు, ఒక్కోసారి అంతకు మించి ఉంటాయి. ఎడమ పక్క ఆరుంటే కుడి పక్క ఏడు ఉండొచ్చు. ఆ తేడాయే దీన్ని గుర్తుపట్టే గుర్తు. అందుకని మడిచి కత్తిరించే నమూనా మేం వాడలేదు. ఒక్కో తాబేలుకి ఒక్కొక్కరు పలకలు వేరుగా కత్తిరించుకున్నారు. పెంకు పొడవు అసలు కొలతే, 65 సెంటీమీటర్లు. మూడడుగుల పట్టీలో ఒక తాబేలు పెడితే అటూ ఇటూ కలిపి జానెడు మాత్రమే మిగులుతుంది. చూసేవాళ్ళకి ఆ పరిమాణం ఒంటికి తెలియాలి.

కొలతల కోసం ఫోటోలు, వాళ్ళ కళ్ళు మాత్రమే ఆధారం. ఒడ్డున చచ్చి పడి ఉన్నదాన్ని కూడా ముట్టలేదు. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972లో ఆలివ్ రిడ్లీ షెడ్యూల్ 1 జీవి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. పెంకు గానీ ఎముక గానీ గుడ్డు పెచ్చు గానీ తెచ్చుకుని కళలో వాడతామంటే కుదరదు. కుదరకపోవడమే మంచిది.

పలక అంచుల్ని లోపలికి మడిచి కనపడని కుట్టు వేశాక, పలకకీ పలకకీ మధ్య సందుని కాడ కుట్టుతో నింపాం. నడిచిన జాడలు కుట్టడం అందరికీ ఇష్టమైన పని అయింది. పచ్చ తాబేలు ఇసుక మీద రెండు ముందు కాళ్ళూ ఒకేసారి వేస్తుంది. రిడ్లీ ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తుంది. కాబట్టి జాడ జోడుగా ఉండదు, ఎడమ గీత ఒక చోట, కుడి గీత కొంచెం ముందు. బొంతకి వేసే మామూలు సాదా కుట్టునే ఏటవాలుగా అటొకటి ఇటొకటి వేస్తే అచ్చంగా ఆ జాడ వచ్చేసింది. ఊళ్ళో రోజూ చూసే జాడే కాబట్టి ఎవరికీ గీసి ఇవ్వాల్సిన అవసరం రాలేదు. గుడ్లు పెట్టి కప్పేశాక తల్లి తాబేలు ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకని దిమ్మిస్తుంది. అది కూడా పెట్టాలని ఒకావిడ పట్టుబట్టి, గూటి చుట్టూ బొంత పొరల్ని దగ్గర దగ్గర కుట్లతో నొక్కేశారు. చెయ్యి పెట్టి తడిమితే అక్కడ బట్ట గట్టిగా తగులుతుంది. చూపు లేనివాళ్ళకి కూడా ఆ చోటు అర్థమవుతుంది.

వెయ్యి ముడులు, జరీ

పుట్టిన పిల్లల్లో వెయ్యికి ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా చెప్తారు. ఏప్రిల్ పట్టీలో సరిగ్గా వెయ్యి ముడి కుట్లు వేశాం, బూడిద రంగు దారంతో. ఒక్కటి మాత్రం ఎర్ర దారం. ఈ పని పిల్లలది. బడి నుంచి వచ్చి తలా కొన్ని వేసేవాళ్ళు, పెద్దపిల్ల ఒకతి లెక్క రాసేది. ఎర్ర ముడి ఎవరు వేయాలన్న దగ్గర పెద్ద పోటీయే నడిచింది. చీటీలు తీశారు. ఆ ఎర్ర ముడి దగ్గరే దారం తెంపలేదు. అది మే పట్టీ దాటి, బొంత కుడి అంచు నుంచి బయటికొచ్చి, వల అల్లే చెక్క కండె మీద చుట్టుకుని వేలాడుతుంది. తాబేలు పోయే దూరానికి అది గుర్తు. ఈ తీరం తాబేళ్ళు శ్రీలంక నీళ్ళ దాకా వెళ్తాయని వాటికి వేసే గుర్తింపు బిళ్ళల (ట్యాగుల) వల్ల ఎప్పుడో తెలిసింది. 2021లో ఒడిశాలో ట్యాగ్ వేసిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్ర తీరంలో, గుహాగర్ దగ్గర గుడ్లు పెడుతూ కనిపించింది. ఆ కబురు ఊళ్ళో చెప్పినప్పుడు ఆడవాళ్ళు నమ్మలేదు. “మా ఆయన మంగళూరు ఎళ్ళినట్టు ఎళ్ళిందన్నమాట” అని ఒకావిడ అన్నాక అందరూ నమ్మారు.

జరీ గురించి చెప్పాలి. బరంపురం పట్టుకి పేరు తెచ్చినది అంచు మీద గుడి గోపురాల పళ్ళ వరస, కుంభం అంటారు. అంచుకీ ఒంటికీ వేరు నాడెలు పెట్టి, పోగుల్ని ఒకదానికొకటి మెలిపెట్టి నేస్తారు. చినిగిపోయిన పట్టుచీరల నుంచి ఆ అంచుల్ని, కాస్త జరీనీ తెచ్చాను. కుంభాల వరస అలల అంచుకి బాగా కుదిరింది. జరీని మాత్రం ఒకే చోట వాడాం. ఏప్రిల్ పట్టీలో కింద, ఊరి వైపు, హైవే లైట్లు, ఇళ్ళ లైట్లు ఉండే చోట. పిల్ల తాబేళ్ళు రాత్రిపూట బయటికొచ్చి ఎటు వెలుగుంటే అటు పరుగెడతాయి. లైట్లు లేని తీరంలో వెలుగు సముద్రం మీదే ఎక్కువ కాబట్టి నీళ్ళలోకి చేరతాయి. లైట్లుంటే ఊరి వైపు వచ్చి కుక్కల పాలు, చక్రాల పాలు అవుతాయి. బొంత మొత్తం మీద మెరిసేది ఆ జరీ ఒక్కటే. గదిలోకి వచ్చిన వాళ్ళ చూపు మొట్టమొదట అక్కడికే పోతుంది, పిల్లలు వెళ్ళి దాన్నే ముట్టుకుంటారు. అప్పుడు పక్కనున్న ఆవిడ, “సూసినావా, ఆ తాబేలు గుంటలు కూడా అలగే లైటుకేసి పోతాయి” అని చెప్తుంది. ఇంతకంటే బాగా నేను ఏ బోర్డు మీదా రాయలేను.

వల

ఒడ్డున పడి ఉన్న తెగిన వలల్ని వాడాలని మొదటి నుంచీ అనుకున్నదే. ప్రపంచంలో చాలాచోట్ల ఈ పని జరుగుతోంది. ఆస్ట్రేలియాకి ఉత్తరాన టోరెస్ జలసంధిలోని ఎరుబ్ దీవి కళాకారులు కొట్టుకొచ్చిన వలలతో తాబేళ్ళు, చేపలు అల్లుతారు. మా ఇబ్బంది వేరు. వాళ్ళది వలతోనే చేసే బొమ్మ, మాది నూలు బట్ట మీద వల.

మొదటి సమస్య ఉప్పు. వల ఎండినట్టే ఉంటుంది, కానీ ముడుల్లో ఉప్పు ఉండిపోయి గాలిలో తేమని లాగుతుంది, కింద నూలు చెమ్మగిల్లి మచ్చలు పడుతుంది. మంచినీళ్ళలో నానబెట్టి రోజూ నీళ్ళు మార్చి, ఆఖర్న కుంకుడు నీళ్ళలో ఉతికి ఎండలో వేశాం. ఉప్పు పోయిందో లేదో తెలుసుకోడానికి తడి వలని నల్ల గుడ్డ మీద పరిచి ఎండనిచ్చాం. తెల్ల మరక పడితే ఇంకా ఉన్నట్టు. రెండోది, నైలాన్ పోగు నూలు దారాన్ని కోసేస్తుంది. ముక్క మీద కుట్టి మడుస్తూ విప్పుతూ చూస్తే దారం ముడి దగ్గర తెగింది. అందుకని వల కన్నుల మీదుగా నేరుగా కుట్టలేదు. సన్నటి నూలు పట్టీ పరిచి, వలతాడుని ఆ పట్టీలో చుట్టి, పట్టీని మాత్రం బట్టకి కుట్టాం. మూడోది బరువు. వల పట్టీని కిందికి లాగేస్తుంది. వెనక నిలువుగా కాన్వాస్ నాడాలు వేసి బరువంతా పైనున్న వెదురు గడకి చేరేలా చేశాం. వల ఉన్నది డిసెంబరు, జనవరి పట్టీల మీదే. తాబేలు వల లోపల ఉంది, దాని తల వల బయటికి పెట్టి ఉంది.

పడవల గొడవ

జనవరి పట్టీ పైన తాబేలు, వల. కింద ఇసుక మీద బోర్లించిన పడవలు. ఆడవాళ్ళే అడిగి పెట్టించిన బొమ్మ అది. పడవలకి బట్ట వాళ్ళ మగవాళ్ళ పాత గళ్ళ లుంగీలు. నిషేధం ఉన్న నెలల్లో చాలామంది మగవాళ్ళు చెన్నై, కేరళ, మంగళూరు వైపు బోట్ల మీద కూలికి వెళ్తారు. లుంగీ ఇంట్లో ఉంటుంది, మనిషి ఉండడు. ఒకావిడ పడవ కుడుతూ, “తాబేలు పిల్లల్ని కనడానికి మా గట్టుకొస్తాది, మా పిల్లల తండ్రి గట్టు దిగిపోతాడు” అన్నారు. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ తాబేలుకి వ్యతిరేకం కాదు. వీళ్ళ అన్నదమ్ములు, కొడుకులే రాత్రిళ్ళు గూళ్ళకి కాపలా కాస్తారు, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో ఎత్తి నీళ్ళలో వదులుతారు. వాళ్ళకి కోపం ఉన్నది లెక్క మీద. ట్రాలర్లు తమవి కావు, చంపేది ఎక్కువగా అవి, ఒడ్డున కూర్చునేది తాము. నిషేధ కాలానికి ప్రభుత్వం సాయం ఇస్తుంది, అది ఏడు నెలల వేటకి సరితూగదని వాళ్ళ మాట. దానికి తోడు తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంకో వేట విరామం ఉంటుంది. అంటే మొగ నీళ్ళ మీద బతికే ఇంటికి ఒకటి ముగియకముందే ఇంకోటి.

డబ్బు పెట్టిన స్వచ్ఛంద సంస్థ వాళ్ళు సగం పని అయ్యాక చూడ్డానికి వచ్చారు. పడవలు తీసేయమన్నారు. చూసేవాళ్ళకి దిగులు కలుగుతుందని, సందేశం పక్కదారి పడుతుందని వాళ్ళ వాదన. పిల్ల తాబేళ్ళు ఎక్కువ పెట్టండి, అందరికీ నచ్చుతాయి అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి కారణం రాసి పంపాను. నిషేధం నిలబడాలంటే దాన్ని మోసేవాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళు మోస్తున్నది ఎక్కడా కనపడకుండా చేస్తే ఎందుకు ఒప్పుకుంటారు? తాబేలుని మాత్రమే చూపించే బట్ట బరంపురంలో, భువనేశ్వర్‌లో చప్పట్లు కొట్టించుకుంటుంది. కానీ ఈ ఊరి గోడ మీద పెడితే ఈ ఊరి వాళ్ళే మొహం తిప్పుకుంటారు. చివరి విడత డబ్బు రావడం ఆలస్యమై టెన్షన్ పడ్డాం, కూలి మాత్రం ఎవరికీ ఆపలేదు. పడవలు అక్కడే ఉన్నాయి.

పట్టీ కింది అంచు గురించి కూడా ఒక మాట. పొడంపేట లాంటి ఊళ్ళలో సముద్రం ఇళ్ళనే తినేసింది, జనం వేరేచోటికి వెళ్ళిపోయారు. తీరం కోసుకుపోతే తాబేలుకి గూడు తవ్వే ఇసుక కూడా పోతుంది. రెండు ప్రాణాలకీ ఒకటే నష్టం. అందుకని బొంత కింది అంచుని మడిచి కుట్టకుండా పోగులు ఊడేలా వదిలేశాం. నాలుగంగుళాల పైన దగ్గర కుట్టు ఒకటి లోపల వేశాం, ఊడటం అక్కడితో ఆగుతుంది.

గుండీలున్న ఫిబ్రవరి

2024లో రుషికుల్య దగ్గర మూకుమ్మడి గుడ్లు పెట్టడం జరగలేదు. మేం ఫిబ్రవరి పట్టీ మొదలుపెట్టింది ఆ ఏడాదే. తాబేళ్ళు లేని తీరాన్ని చూస్తూ తాబేళ్ళతో నిండిన పట్టీ కుట్టడానికి ఆడవాళ్ళకి చేతులు రాలేదు. ఉత్త ఇసుకే కుట్టారు. అలల గీతలు, పీత కన్నాలు, ఇసుక మీద పాకే ఊదా పూల తీగ, అంతే. చాలా మంచి పట్టీ అది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి. ఆ తీరంలో అంతకుముందు ఎప్పుడూ అన్ని నమోదు కాలేదు. అప్పుడు రెండో ఫిబ్రవరి పట్టీ కుట్టారు, పెంకు మీద పెంకు, ఇసుక కనపడకుండా. ఇది పొరలు ఎక్కువై మందంగా తేలింది. పాత పట్టీ తీసేసి దీన్ని పెట్టాలా అని అడిగారు. తీయలేదు. ఫిబ్రవరి జాగాకి అటూ ఇటూ కొబ్బరి చిప్ప గుండీలు కుట్టి రెండింటికీ కాజాలు వేశాం. ఏ ఏడాది ఏది నిజమైతే అది తగిలిస్తాం. తగిలించే పని ఊళ్ళోవాళ్ళదే, ఏది తగిలించాలన్న నిర్ణయం కూడా.

వేలాడదీశాక

మొదట ఊరి తుపాను షెల్టర్ హాల్లో పెట్టాం. గట్టి గోడలు, ఎండ తగలని చోటు, ఊరంతా చేరే చోటు. నూలుకి, సహజ రంగులకి ఎండే పెద్ద శత్రువు, నీలిమందు తట్టుకున్నంతగా దానిమ్మ రంగు తట్టుకోదు. కిటికీలు ఉత్తరం వైపున్న గది దొరికితే అదృష్టం. మడవకుండా పీవీసీ గొట్టానికి పాత నూలు చీర చుట్టి, దానిపైన బొంత చుట్టి, వేపాకు వేసి దాస్తారు. వర్షాకాలంలో నెలకోసారి విప్పి గాలికి వేస్తారు. ఇదంతా ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు చూసుకుంటున్నారు.

చుట్టుపక్కల బడుల్లో పెట్టినప్పుడు గమనించిన తేడా ఒకటుంది. పట్నం పిల్లలు తాబేలు దగ్గర ఆగుతారు. ఒడ్డు ఊళ్ళ పిల్లలు లుంగీ పడవల దగ్గర ఆగి, ఆ గళ్ళు ఎవరి నాన్నవో వెతుకుతారు. ఆ తర్వాతే పైకి, తాబేలు వైపు చూస్తారు. మా కేసులో నాకు బాగా పనికొచ్చిన పాఠం ఇదే. ఇకముందు ఏ బట్ట చేసినా మనిషి వైపు నుంచి సముద్రంలోకి దారి తీస్తాను.

ఇప్పుడు చేస్తున్నది ట్రాల్ వలలో పెట్టే తాబేలు విడుదల పరికరం, టెడ్. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) మన వలలకి తగ్గట్టు తయారుచేసిన నమూనా ఉంది. వల మెడలో ఏటవాలుగా చువ్వల చట్రం, దానికి ఆనుకుని పైనో కిందో ఒక ద్వారం. రొయ్య చువ్వల సందులోంచి వెనక్కి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి ద్వారంలోంచి బయటపడుతుంది. 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యల్ని తీసుకోవడం ఆపింది కూడా ఈ పరికరం వాడకం సరిగా లేదనే. దాన్ని అసలు కొలతలో గుడ్డతో, తాడుతో కుడుతున్నాం. పిల్లలు అందులో దూరి ద్వారంలోంచి బయటికి రావాలి. చువ్వలకి ఏ బట్ట వాడాలన్నది ఇంకా తేలలేదు. లుంగీ వద్దని ఈసారి ఆడవాళ్ళే అన్నారు. ట్రాలర్ తమది కాదు, తమ లుంగీ దానికెందుకు అన్నారు. బరంపురం మిల్లు సంచుల గోనె తెచ్చి చూపించాను, ఇంకా ఆలోచిస్తున్నారు.